వియ్యపురాలు అల్లిన సాక్సులు

ఎవరింటికి వెళ్ళినా సోఫా మీద పరిచిన లేసు గుడ్డని తిరగేసి చూడటం నాకు అలవాటు. అది మంచి అలవాటు కాదని మా ఆయన పెళ్ళైన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నారు. ఏం చెయ్యను, నా కళ్ళు అలాంటివి. ముందువైపు ఎవరైనా అందంగానే అల్లుతారు. అల్లిన మనిషికి ఓపిక ఎంతుందో వెనకవైపు చూస్తేనే తెలుస్తుంది.

మాది రాజోలుకీ మలికిపురానికీ మధ్య రోడ్డు పక్కన ఊరు. మా చుట్టుపక్కల ఆడవాళ్ళు మధ్యాహ్నం గిన్నెలు కడుక్కోగానే అరుగుల మీద చేరి లేసు సూది పట్టుకుంటారు. ఒకామె పువ్వులు అల్లుతుంది, ఇంకొకామె అంచు అల్లుతుంది. ఆ ముక్కలన్నీ చివరికి మా ఇంటికి వస్తాయి. వాటిని ఒకదానికొకటి అతికి, దారపు కొసలు కనపడకుండా దాచి, ఉతికి, పల్చటి గంజిలో ముంచి, థర్మాకోల్ అట్ట మీద పిన్నులు గుచ్చి ఆరబెట్టి, ముడతలూ వంకరలూ లేకుండా తయారుచెయ్యడం నా పని. మా వాళ్ళు దీన్ని ఫినిషింగ్ అంటారు. మొగుడి మీద కోపంతో అల్లిన పువ్వు బిగుసుకుపోయి గిన్నెలా పైకి లేస్తుంది. సీరియల్ చూస్తూ అల్లిన పువ్వు సాగి వేలాడుతుంది. ఈ రెండింటినీ ఒకే దుప్పటిలో పక్కపక్కన కూర్చోబెట్టాలంటే నా తాతలు దిగొస్తారు.

అదంతా భరిస్తాను. భరించలేనిది ఒక్కటే. అల్లిక మొదలుపెట్టినచోట ఒక కొస, ముగించినచోట ఒక కొస మిగులుతాయి. నేను వాటిని తోకలంటాను. ఆ తోకని సూదిలోకి ఎక్కించి, వెనకవైపు కుట్ల కిందనుంచి కొంతదూరం తీసుకెళ్ళి, వచ్చిన దారినే కాస్త వెనక్కి తిప్పి, అప్పుడు కత్తిరించాలి. అలా చేస్తే ఎన్నిసార్లు ఉతికినా జారదు, చేతికి తగలదు. కొంతమంది మాత్రం ఒక ముడేసి, తోక అలాగే వదిలేసి, "లోపలే కదండీ, ఎవరు చూస్తారు?" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. నేను చూస్తున్నాను కదా, నేను మనిషిని కానా అని అరుస్తాను. నా వెనకాల నన్ను తోకల ఉమాదేవి అంటారని నాకు తెలుసు. అననివ్వండి.

కిందటి కార్తీకంలో మా అమ్మాయి పద్మశ్రీకి ఆడపిల్ల పుట్టింది. తొలికాన్పు కాబట్టి మా ఇంట్లోనే ఉంది. అల్లుడు నాగసతీష్‌కి ఖతార్‌లో ఉద్యోగం. పురుడుకి వచ్చి, పిల్లని చూసుకుని, సెలవైపోయి వెళ్ళిపోయాడు. అల్లుడి తల్లిదండ్రులు కొత్తపేటలో ఉంటారు. వియ్యంకుడు మాణిక్యాలరావు గారు మిలటరీలో చేసి రిటైరయ్యారు. వియ్యపురాలు భవానీదేవి గారు. ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో క్వార్టర్స్‌లో ఉన్నరోజుల్లో పక్కింటావిడ దగ్గర ఊలు అల్లడం నేర్చుకున్నారట. కోనసీమ ఉక్కపోతలో కూడా ఆ చెయ్యి ఊరుకోదు. ఎవరింట్లో పిల్ల పుట్టినా ఆవిడ ఊలు ఉండ బయటికి తీస్తారు.

చాలా నెమ్మదైన మనిషి. నాకేమో నెమ్మది అంటే పడదు. అయినా మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఒక్క మాట తేడా రాలేదు. ఎలా వస్తుంది? అసలు మాటలుంటే కదా తేడా రావడానికి. "భోంచేసేరాండీ వదినగారూ", "ఆయ్, చేసేనండీ", "మీ ఆరోగ్యం బాగుంటుందాండీ", "ఆయ్, మీ దయవల్లండీ". మా గోదావరి వాళ్ళం వియ్యాలవారి ముందు దగ్గినా చివర అండీ చేర్చి దగ్గుతాం. వాళ్ళు మనింటికి వస్తే మనం కూర్చోం, మనం వాళ్ళింటికి వెళితే వాళ్ళు కూర్చోరు. పెళ్ళైన దగ్గర్నుంచీ మేమిద్దరం ఒకేసారి కూర్చుని మాట్లాడుకున్నది లేదు.

బారసాల రోజున ఆవిడ పాపకి పట్టు పరికిణీ, వెండి గిన్నె, వాటితో పాటు తాను అల్లిన సాక్సుల జత తెచ్చారు. లేత పసుపురంగు. మడమ దగ్గర తిప్పిన తీరు చూసి నాకే ముచ్చటేసింది. అందరూ వాటిని చేతులు మార్చుకుంటూ మెచ్చుకుంటున్నారు. నా చేతికి రాగానే అలవాటు కొద్దీ ఒకటి తిరగేశాను.

వేళ్ళు ఉండేచోట ముడి. ముడి కింద నా వేలంత పొడుగు తోక. దాని పోగులు అప్పుడే విడిపోయి సాలెగూడులా ఉన్నాయి. నా మొహంలో ఏం కనపడిందో గానీ మా ఆయన కేశవరావు గారు గట్టిగా దగ్గారు. పద్మశ్రీ కళ్ళతోనే దణ్ణం పెట్టింది. నేను సాక్సుని మళ్ళీ సరిగా తిప్పేసి, "ఎంత బాగున్నాయండీ వదినగారూ, మీ చేతిలో ఏదో ఉందండీ" అన్నాను. ఆవిడ సిగ్గుపడిపోయారు.

వాళ్ళు వెళ్ళిన సాయంత్రమే నేను సూది, కత్తెర తీసుకుని కూర్చున్నాను. పద్మశ్రీ చూసి పరుగున వచ్చింది.

"అమ్మా, ఏం చేస్తన్నావు?"

"రెండు నిమిషాల పనే. తోకలు లోపలికి తీసి కత్తిరించేస్తాను."

"వద్దంటే వద్దు. ఆవిడ వీడియోకాల్లో రోజూ ముందు ఆ సాక్సులే చూస్తారు. ఒక్క కుట్టు తేడా వచ్చినా పట్టేస్తారు. కోడలి పుట్టింటోళ్ళు నా పనికి వంక పెట్టి మళ్ళీ కుట్టుకున్నారనుకుంటారు."

"అనుకుంటే అడుగుతారుగా, చెబుదాం."

"అడగరమ్మా. ఆవిడ ఏవీ అడగరు. మనసులో పెట్టేసుకుంటారు. అదే నా భయం."

సాక్సులు లాక్కుని బీరువాలో పెట్టేసింది. మా ఆయన పేపరు మీంచి తలెత్తి, "లోపలే కదా ఉమా, ఎవరు చూస్తారు?" అన్నారు. ఆ రాత్రి ఆయనకి అన్నం నేను వడ్డించలేదు.

పద్మశ్రీ మాత్రం అత్తగారు ఫోన్ చేసే వేళకి పాపకి ఆ సాక్సులు తొడిగేది, ఫోను పెట్టేయగానే తీసేసేది. రెండు మూడుసార్లు ఉతికింది కూడా. పుష్యమాసం వెళ్ళే రోజుల్లో ఒక ఆదివారం మా వియ్యాలవారు పాపని చూడ్డానికి వస్తున్నామని కబురు చేశారు. పొద్దున్న మంచు బాగా పడింది. కొబ్బరాకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి. వాళ్ళ కారు వాకిట్లో ఆగేసరికి పాప పసుపు సాక్సులు, నేను లేసు అంచు అల్లిన తెల్ల టోపీ, పట్టు పరికిణీతో తయారుగా ఉంది.

భవానీదేవి గారు పాపని ఎత్తుకుని, ముందు పాదాలు నిమిరి నవ్వుకున్నారు. ఆ నవ్వు చూశాక ఆ సాక్సులు తీసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

పదకొండు దాటేసరికి మంచు పోయి ఎండ కాసింది. మా వంటింట్లో రొయ్యల ఇగురు, గుత్తివంకాయ, ఆవడలు. నేను చెమటలు కక్కుతూ వడ్డిస్తున్నాను. పాపకి కాళ్ళు ఉడికిపోతుంటాయి, సాక్సులు తీసేస్తే బాగుండునని నాకు అనిపించింది. పద్మశ్రీ వైపు చూశాను. పద్మశ్రీ అత్తగారి వైపు చూసింది. అత్తగారు విస్తరి వైపు చూస్తున్నారు. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

భోజనాలవుతుండగా పాప ఏడుపు మొదలుపెట్టింది.

మొదట ఆకలనుకున్నాం. పద్మశ్రీ పాలు పట్టబోతే నోరు తిప్పేసింది. కడుపునొప్పేమోనని నేను ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ రాశాను. మా ఆయన భుజాన వేసుకుని వాకిట్లో తిప్పారు. మాణిక్యాలరావు గారు ఈల వేశారు. భవానీదేవి గారు ఉప్పూ మిరపకాయలూ అడిగి మరీ తెప్పించుకుని దిష్టి తీశారు. ఏడుపు తగ్గలేదు సరికదా, తీరు మారింది. పిల్లలు ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరికి ఆగుతారు. ఇది ఆగడం లేదు. మొహం ఎర్రబడిపోయింది, గొంతు బొంగురుపోయింది. పద్మశ్రీ కూడా ఏడవడం మొదలుపెట్టింది.

నేను రాజోలులో పిల్లల డాక్టరు గారి దగ్గర పనిచేసే నర్సు శారోన్‌కి ఫోన్ చేశాను. పాప పుట్టిన దగ్గర్నుంచీ టీకాలన్నీ ఆ అమ్మాయి చేతులమీదే.

"ఒంటిమీద గుడ్డ లేకుండా అన్నీ తీసేసి, తల దగ్గర్నుంచి కాళ్ళ దాకా చూడండమ్మా. చీమో ఏదో కుట్టుంటది. ఏమీ కనపడకపోతే వెంటనే తీసుకొచ్చెయ్యండి, డాక్టరు గారు ఇంటికాడే ఉన్నారు" అంది.

మంచం మీద పడుకోబెట్టి టోపీ తీశాం, పరికిణీ తీశాం, డైపరు తీశాం. మొలతాడు కూడా సడలించి చూశాం. చెవుల వెనక, మెడ కింద, చంకల్లో వెతికాం. చీమా లేదు, దద్దురూ లేదు.

"అన్నీ తీసేసి చూసేరా అమ్మా?" అంది శారోన్ ఫోనులో.

"ఆయ్, అన్నీ తీసేసేం" అన్నాను.

పాప ఒంటి మీద పసుపు సాక్సులు రెండూ అలాగే ఉన్నాయి. అక్కడ పెద్దవాళ్ళం అయిదుగురం ఉన్నాం. అయిదుగురికీ కళ్ళున్నాయి. మా అయిదుగురి లెక్కలో ఆ సాక్సులు బట్టలు కావు, వియ్యపురాలి గారి మర్యాద. మర్యాదని ఆవిడ ఎదురుగా విప్పుతామా!

అప్పుడు చూశాను. పాప కుడికాలు కొట్టుకుంటోంది, ఎడంకాలు మాత్రం ముడుచుకుని కదపడం లేదు. ఎందుకో అర్థం కాకముందే ఒంట్లోంచి చలి పుట్టింది.

"వదినగారూ, ఏవనుకోకండీ, ఒక్కసారి ఈ సాక్సు తీస్తానండీ" అన్నాను. ఆ క్షణంలో కూడా అండీ వదల్లేదు చూడండి, నన్ను నేనే తన్నుకోవాలి.

"అయ్యో, తియ్యండీ, తియ్యండీ" అన్నారావిడ, నా మాట పూర్తికాకుండానే.

మడమ దగ్గర పట్టుకుని లాగాను. పాప పెట్టిన కేకకి పెరట్లో కోళ్ళు చెదిరిపోయాయి. సాక్సు సగం వచ్చి ఆగిపోయింది. లోపల ఏదో పట్టుకుంది. మా ఆయన, "నేను లాగుతానుండు" అని చెయ్యి చాపారు.

"ఎవరూ ముట్టుకోవద్దు!" అని అరిచాను.

నాకు తెలిసిపోయింది. లోపల తోక. ఉతికిన ఊలు తోక పోగులు విడిపోయి ఏదో వేలికి చుట్టుకుంది. అది లాగినకొద్దీ బిగుస్తుంది. పువ్వు లోంచి వేలాడే దారాన్ని లాగితే పువ్వంతా ఎలా ముడుచుకుపోతుందో నేను రోజూ చూస్తూనే ఉంటాను.

"పద్మా, నా బుట్ట తే. చిన్న కత్తెర, అన్నిటికంటే సన్న లేసు సూది."

సాక్సుని మడమ వైపు నుంచి నిలువునా కత్తిరించాను. అంత ముచ్చటైన మడమ తిప్పు కత్తెర కింద తెగిపోయింది. వేళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆ ముడినీ తోకనీ కదపకుండా చుట్టూ కోసి, అల్లికంతా తీసేశాను. ఒక చిన్న ఊలు ముక్క, దాన్నుంచి ఒక పోగు మాత్రం పాప కాలికి మిగిలాయి. బొటనవేలి పక్కవేలు నేరేడుపండులా నల్లగా ఉబ్బిపోయి ఉంది. పోగు ఎక్కడుందో కనపడటం లేదు. చర్మంలోకి కోసుకుని దిగిపోయింది.

పద్మశ్రీ గోడకి ఆనుకుని జారిపోయింది. మాణిక్యాలరావు గారు ఆ పిల్లని పట్టుకున్నారు. మా ఆయన కారు బయటికి తియ్యడానికి పరిగెత్తారు. రాజోలు దాకా వెళ్ళేలోగా ఆ వేలు ఏమవుతుందో. ఇప్పుడే ఒక్క చుట్టైనా తెంపాలి. పాప కాలు తన్నుకుంటోంది. సూది గుచ్చుకుంటే?

"వదినా, కాలు పట్టుకో" అన్నాను.

నాకు తెలీకుండానే గారు పోయింది, అండీ పోయింది. భవానీదేవి గారు మంచం పక్కన నేలమీద మోకాళ్ళు ఆన్చి, రెండు చేతులతో పాప పాదాన్ని కదలకుండా పట్టుకున్నారు. ఆవిడ చేతులు రాయిలా ఉన్నాయి. మొహం మాత్రం పాలిపోయింది.

లేసు సూదికి చివర చిన్న కొక్కెం ఉంటుంది. బిగుసుకుపోయిన కుట్టు కిందనుంచి దారాన్ని చింపకుండా పైకి తియ్యడానికే నేను దాన్ని వాడతాను. ఎన్ని వేల కుట్లు అలా తీశానో. అవి దారాలు, ఇది మా పాప. వేలి పక్కనుంచి కొక్కేన్ని ఒత్తి పెట్టి తిప్పాను. ఏమీ తగల్లేదు. మళ్ళీ పెట్టాను. నా కళ్ళజోడు మీద చెమట కారింది.

"ఇంకొంచెం కిందకి వదినా. అక్కడ పసుపు కనపడతంది నాకు" అంది భవానీదేవి.

కింద పెట్టాను. కొక్కేనికి ఏదో చిక్కింది. వెంట్రుకంత పోగు పైకి లేచింది.

"కోసెయ్ వదినా, కోసెయ్" అంది.

కోశాను. ఒక చుట్టు వదిలింది. దాని కొస పట్టుకుని చుట్టు తర్వాత చుట్టు విప్పుకుంటూ వచ్చాను. చివరి చుట్టు ఊడిపోగానే పాప ఒక్కసారి పెద్దగా ఊపిరి తీసుకుని, ఏడుపు ఆపి, మా ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత మళ్ళీ ఏడిచింది. కానీ అది మామూలు ఏడుపు. ఆ ఏడుపు విని నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

వేలు మాత్రం నల్లగానే ఉంది.

రాజోలు వెళ్ళేదాకా కార్లో పాప పద్మశ్రీ ఒళ్ళో, పాదం భవానీదేవి అరచేతిలో. శారోన్ వాకిట్లోనే ఎదురొచ్చి పాపని తీసుకుంది. డాక్టరు గారు దీపం కింద పెట్టి భూతద్దంతో చూసి, "బాగానే తీసేరమ్మా. ఇంకో పోగు అడుగున ఉండిపోయింది. అది మనకి కంటికి ఆనదు" అని, చాలా సన్నటి పట్టకారుతో ఒక నూగులాంటిది బయటికి తీశారు. అది తీయకపోతే మళ్ళీ ఉబ్బేదట. ఆయనకి నేను మనసులో వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాను.

"వేలు దక్కుతుందాండీ?" అని పద్మశ్రీ అడిగింది. మేమెవరం అడగలేకపోతున్న మాట అదే.

"చూద్దాం. రక్తం రావాలి. కాసేపు కూర్చోండి" అన్నారాయన.

కూర్చున్నాం. శారోన్ పాప వేలిని సుతారంగా నొక్కుతుంది, వదులుతుంది, చూస్తుంది. తెల్లబడటం లేదు, ఎర్రబడటం లేదు. మా ఆయన కుర్చీలోంచి లేస్తారు, కూర్చుంటారు. నాకు మొక్కుకోవడానికి నోట్లోకి ఒక్క దేవుడి పేరూ రాలేదు. ఆ వేలు తప్ప నాకు ఇంకేమీ గుర్తు లేదు. ఆడపిల్ల, రేపు మెట్టె పెట్టుకునే వేలు.

శారోన్ మళ్ళీ నొక్కి వదిలింది. వంగి చూసింది. "అమ్మా, ఇలా రండి" అంది.

గోరు కింద ఒక మూల లేతగా గులాబీ రంగు. అందరం ఒకరి మీద ఒకరు పడి చూశాం. ఆ రంగు మెల్లగా గోరంతా పాకింది, తర్వాత వేలంతా పాకింది. డాక్టరు గారు వచ్చి చూసి, "ఇంక ఫర్వాలేదు. గీత మానడానికి మందు రాసిస్తాను. వేలికి ఏ ఢోకా లేదు" అన్నారు.

నేను అక్కడే బల్ల మీద కూలబడ్డాను. మా ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నారు. మాణిక్యాలరావు గారు అంత మీసాలు పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. పాప మాత్రం భవానీదేవి చీర తడిపేసి, హాయిగా నిద్రపోయింది.

మందులు తేవడానికి మగవాళ్ళు వెళ్ళారు. పద్మశ్రీ లోపల పాప పక్కన ఉంది. బయట వరండాలో నేనూ భవానీదేవి మిగిలాం. ఆవిడ చీర కొంగులోంచి ఏదో తీసింది. నేను కోసి పారేసిన సాక్సు ముక్కలు. ఎప్పుడు ఏరి మూట కట్టుకుందో నేను చూడనేలేదు. వేళ్ళ దగ్గర ముక్కని లోపలికి తిప్పి ముడిని చూసింది.

"ఇది నీకు బారసాల నాడే కనపడిందా?" అంది.

అబద్ధమాడదామనుకున్నాను. నోరు రాలేదు. "కనపడింది."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? నువ్వేమనుకుంటావోనని. పద్మ కాపురంలో మాటొస్తుందని."

ఆవిడ ఆ ముక్కని మళ్ళీ కొంగులో ముడేసుకుంది. వరండా ముందు సైకిళ్ళు, ఆటోలు పోతున్నాయి. అప్పుడంది.

"నాకు మజ్జానం అన్నం తింటున్నప్పుడే అనిపించింది. ఎండ కాస్తంది, పిల్లకి కాళ్ళు ఉడుకుతాయి, తీసేద్దామని. ఏడుపు మొదలెట్టేక కూడా ముందు అదే అనిపించింది. మీ ఇల్లు కదా, మీ పిల్ల మీ దగ్గరుంది, చూడ్డానికొచ్చిన పూటే నేను చెయ్యెట్టి పెత్తనం చేస్తే ఏమనుకుంటావోనని ఊరుకున్నాను. దిష్టి తీసేను. సాక్సు తియ్యలేదు."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. బారసాల నుంచి ఆ తోక తీసెయ్యాలని నేను, మధ్యాహ్నం నుంచి సాక్సు విప్పాలని ఆవిడ. ఒకరి మర్యాద ఒకరం కాపాడుకుంటూ, పిల్ల వేలు పోగొట్టబోయాం.

"తగలెయ్యి వదినా మన మర్యాద" అన్నాను. ముందు ఆవిడకి నవ్వొచ్చింది, తర్వాత నాకు. తర్వాత ఇద్దరం ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు తల పెట్టుకుని ఏడ్చేశాం. మేమిద్దరమూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నామని అప్పుడు చూసుకున్నాను.

మర్నాడు కాదు, ఆ మర్నాడు మా వాకిట్లో మళ్ళీ వాళ్ళ కారు ఆగింది. ముందు చెప్పలేదు, కబురు చెయ్యలేదు. భవానీదేవి ఒక పెద్ద గుడ్డసంచీతో దిగి, నేరుగా నేను పనిచేసుకునే గదిలోకి వచ్చి, సంచీ బోర్లించింది. టోపీలు, స్వెట్టర్లు, చేతులకి తొడిగేవి, చుట్టాల పిల్లలకి ఎప్పుడెప్పుడో అల్లినవి, ఇళ్ళిళ్ళూ తిరిగి అడిగి తెచ్చుకుందట.

"అన్నీ తిరగేసి చూడు. ఎక్కడెక్కడ తోకలున్నాయో చెప్పు. దాచకుండా చెప్పు" అంది.

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. దాచకుండా చెప్పమన్నాక నేనెందుకు దాస్తాను? ఇదేం ముడి, పందిరిగుంజకి కట్టినట్టు? ఈ స్వెట్టరు వేసుకున్న పిల్లాడు ఇన్నాళ్ళూ వీపు గోక్కుంటూ తిరిగి ఉంటాడు కదా? చేతులు అతికేటప్పుడు కుట్టుకి కుట్టు కలపాలని ఎవరూ చెప్పలేదా? ఆవిడ అన్నిటికీ తలూపింది. సూదిలోకి తోక ఎక్కించడం, కుట్ల కిందనుంచి తీసుకెళ్ళడం, వెనక్కి తిప్పడం చూపించాను. మొదటిసారి ఆవిడ వెనక్కి తిప్పడం మరిచిపోయింది. చేతిమీద ఒకటి వేశాను.

"కొట్టకు వదినా" అంది. "నేను అలా అన్నీ దాచుకునే దాన్ని కాదిప్పుడు. నీ రొయ్యల ఇగురులో మసాలా మరీ ఎక్కువ. ఆదివారం నుంచీ కడుపులో మంట."

గుమ్మంలో కాఫీలు పట్టుకుని నిలబడ్డ పద్మశ్రీ పళ్ళెం అక్కడే నేలమీద పెట్టేసింది. ఆ పిల్ల జన్మలో వాళ్ళత్తగారి నోట అంత మాట వినలేదు. వాళ్ళమ్మ వాళ్ళత్తగారిని కొట్టడం అసలే చూడలేదు. సరిగ్గా అప్పుడే ఖతార్ నుంచి వీడియోకాల్ వచ్చింది. పద్మశ్రీ తియ్యగానే నా గొంతు వినపడినట్టుంది.

"ఏంటి పద్మా, అత్తగారు ఎవర్ని కేకలేస్తన్నారు? అమ్మనా? ఏమైంది? గొడవా?" నాగసతీష్ గొంతులో భయం గదంతా వినపడింది.

భవానీదేవి చెయ్యి చాపి ఫోను తీసుకుంది.

"మీ అత్తగారు నన్ను తిడతందిరా. తిట్టనీ. అడ్డం రాకు" అంది.

మంచం మీద పడుకుని ఉన్న పాప దగ్గరికి వెళ్ళి, వాళ్ళ నాన్నకి కనపడేలా ఫోను కిందకి పట్టుకుంది. పాప ఉత్తకాళ్ళు రెండూ గాలిలో ఆడిస్తోంది.